నూనె పట్టించిన చెక్క నేల అనుకున్నట్టు రాకపోతే ఏం చేయాలి

తిరుపతిలోనూ చిత్తూరు చుట్టుపక్కలా చెక్క నేల వేయించుకున్నవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. పాత మిద్దె విప్పినప్పుడు దొరికిన టేకు దూలాలను కోయించి, పలకలుగా పరిపించి, నూనె పట్టించి రెండు రోజులైందనీ, నేల ఒకచోట అద్దంలా మెరుస్తుంటే ఇంకోచోట పాలిపోయి కనిపిస్తోందనీ, నడిస్తే అరికాలికి అంటుకుంటోందనీ, పైగా వచ్చేవారమే గృహప్రవేశమనీ చెబుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, ఎవరికివారు చూసుకుని చేసుకోవడానికి వీలుగా ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నూనె పని చెక్కలోకి ఇంకడం. చెక్క మీద పొరలా నిలవడం కాదు. వార్నిష్, పాలిష్ పనులకు అలవాటుపడిన చేయి నూనెను కూడా వార్నిష్‌లాగే దట్టంగా పూసి వదిలేస్తుంది. నేను చూసిన చెడిపోయిన నేలల్లో ఎక్కువ భాగం ఇలా చెడిపోయినవే. ఇది వడ్రంగి ఆచారిగారి చేతకానితనం కాదు, రెండు వేర్వేరు పనులకు ఒకే పద్ధతి వాడడం వల్ల వచ్చిన చిక్కు.

ఇప్పటికిప్పుడు చేయకూడనివి

మెరుపు సమంగా లేదని వెంటనే ఇంకో పూత వేయకండి. కింది పూత ఆరకముందే పైన వేసిన నూనెకు లోపలికి దారి ఉండదు కాబట్టి అది బంకగా మారుతుంది. జిగట మీద వార్నిష్ గానీ, పీయూ (పాలీయురిథేన్), మెలమైన్ లాంటి పైపొర పాలిష్‌లు గానీ కొట్టించకండి; అది కొన్నాళ్లకు పొలుసులుగా లేస్తుంది, అప్పుడు మొత్తం గీకించడం తప్ప వేరే దారి ఉండదు. సర్ఫ్ నీళ్లతోనో ఫినాయిల్‌తోనో కడగకండి. జిగట పోతుందని ముఖానికి రాసుకునే పౌడరు చల్లిన వారిని కూడా చూశాను. ఆ పౌడరు చెక్క రంధ్రాల్లో తెల్లగా ఇరుక్కుపోయి, అసలు జబ్బుకు ఇంకో జబ్బు తోడైంది.

నేల అంటుకోకుండా, కేవలం రంగు ముదురుగానో మెరుపు ఎక్కువగానో కనిపిస్తుంటే ఒక వారం ఏమీ చేయకుండా ఆగండి. కొత్త నూనెకు ఉండే తడి మెరుపు ఆరేకొద్దీ తగ్గుతుంది. నూనె పట్టిన టేకు మొదట్లో ముదురుగా కనిపించడం తప్పు కాదు, దాని స్వభావం.

కావలసినవి

మినరల్ టర్పెంటైన్ రెండు లీటర్లు (పెయింట్ దుకాణంలో ఎంటీఓ అని అడిగినా ఇస్తారు), మీరు మొదట వాడిన నూనె అదే డబ్బాలోది కొంచెం, రంగు దిగని పాత నూలు బట్టలు లేదా దుకాణాల్లో కిలోల లెక్కన అమ్మే బనియన్ గుడ్డ, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్లు ఆరు, 100, 120 నంబర్ల ఉప్పుకాగితం, చేతి తొడుగులు, ముక్కుకు మాస్క్, ఒక టార్చిలైటు, మూత ఉన్న ఒక ఇనుప డబ్బా, దాని నిండా నీళ్లు. గది పెద్దదైతే బఫింగ్ యంత్రం అద్దెకు తెచ్చుకోండి. నూరు చదరపు అడుగుల లోపు గదికి చేయి చాలు. స్టీల్ పీచు మాత్రం తేవద్దు, కారణం కింద చెబుతాను.

చివర చెప్పిన నీళ్ల డబ్బా అన్నిటికంటే ముఖ్యమైనది. అవిసె నూనె, టంగ్ చెట్టు గింజల నూనె, వాటికి మైనం కలిపి చేసిన హార్డ్ వ్యాక్స్ ఆయిల్ ఇవన్నీ గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడతాయి, అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన నేల మీద ఆ వేడి తెలియకుండానే పోతుంది గానీ, నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే లోపలి వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే వాటంతట అవే అంటుకుంటాయి. కాబట్టి వాడిన ప్రతి గుడ్డనూ నీళ్లలో ముంచి మూత పెట్టండి, లేదా బయట నేల మీద ఒక్కొక్కటిగా పరిచి గట్టిపడేదాకా ఆరబెట్టండి. చెత్తబుట్టలో వేయడం, ప్లాస్టిక్ సంచిలో కట్టి మెట్ల కింద పెట్టడం, మన మే నెల ఎండలో మిద్దె మీద కుప్పగా వదిలేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

జబ్బు ఏమిటో తేల్చుకోవడం

1. మొదట ఏ నూనె వాడారో డబ్బా చూసి తెలుసుకోండి, పని చేసినవారి మాట మీద మాత్రమే ఆధారపడకండి. మన ప్రాంతంలో తలుపులకూ ఉయ్యాల బల్లలకూ నువ్వుల నూనె, కొబ్బరి నూనె, వేరుశనగ నూనె రాసే అలవాటు ఉంది. కొబ్బరి, వేరుశనగ నూనెలు ఎన్నాళ్లయినా గట్టిపడవు. నువ్వుల నూనె కూడా నేలకు సరిపోయేటంతగా ఆరదు. తలుపు మీద పెద్దగా తెలియదు, కానీ నేల మీద దుమ్మంతా పట్టుకుని నల్లబడుతుంది. పచ్చి అవిసె నూనె ఆరుతుంది గానీ వారాలు పడుతుంది. డబ్బా మీద ‘డబుల్ బాయిల్డ్’ అని ఉన్న అవిసె నూనె పలచగా పూస్తే ఒకటి రెండు రోజుల్లో పైపైన ఆరుతుంది.

2. ఎంత నూనె ఖర్చయిందో లెక్క వేయండి. హార్డ్ వ్యాక్స్ ఆయిల్ లీటరుకు ఒక పూత 200 నుంచి 250 చదరపు అడుగుల వరకు వస్తుంది. పది అడుగులకు పది అడుగుల గదికి రెండు పూతల్లో రెండు లీటర్లు అయిపోయిందంటే, ఇంకా వెతకవలసిన పని లేదు, నూనె ఎక్కువైంది.

3. చీకటి పడ్డాక దీపాలు ఆర్పి, టార్చిని నేలకు ఆనించి అడ్డంగా వెలుగు పడేలా పట్టుకోండి. పైనుంచి చూస్తే కనిపించనివన్నీ, అంటే నూనె కట్టిన మడుగులు, గుండ్రటి గీతలు, గోడ వెంబడి పట్టీలా వేరుగా కనిపించే అంచు, ఇవన్నీ బయటపడతాయి. చాక్‌పీస్‌తో గుర్తు పెట్టకండి, కాగితపు టేపు అంటించండి.

4. నాలుగైదు చోట్ల బొటనవేలితో గట్టిగా అదిమి తిప్పండి. వేలిముద్ర పడితే పైపొర ఇంకా ఆరలేదు. ముద్ర పడకుండా, చల్లగా పట్టుకున్నట్టు మాత్రమే ఉంటే సగం ఆరింది.

5. తెల్ల గుడ్డకు రెండు చుక్కల టర్పెంటైన్ అద్ది ఒకచోట రుద్దండి. పసుపుపచ్చని జిగురు గుడ్డకు వస్తే మిగులు నూనె. ఏమీ రాకుండా చెక్క వెలిసినట్టు అయితే అక్కడ నూనె చాలలేదు.

జిగటగా ఉన్న నేల

అడిగేవారిలో పదిమందిలో ఏడుగురిది ఇదే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. పూసి ఎంత కాలమైందన్న దాన్నిబట్టి పద్ధతి మారుతుంది.

పూసి నాలుగైదు గంటలే అయితే మీరు అదృష్టవంతులు. పొడి బనియన్ గుడ్డతో పలక పొడవు వెంబడి గట్టిగా తుడవండి, గుడ్డ తడవగానే మార్చండి, గుడ్డకు నూనె అంటడం ఆగేదాకా తుడవండి. అంతటితో అయిపోతుంది.

ఒక రోజు నుంచి వారం లోపు అయితే ఇలా చేయండి.

1. కిటికీలు, తలుపులు తెరిచి, ఫ్యాను ముందే వేసి ఉంచండి. పూజగది అయితే దీపం, అగరుబత్తి ఆర్పండి. పక్కనే వంటిల్లు ఉంటే పొయ్యి కూడా. టర్పెంటైన్ ఆవిరికి నిప్పు తగలకూడదు.

2. గది లోపలి మూల నుంచి తలుపు వైపుకు వచ్చేలా, ఒకసారికి రెండు మూడు పలకలు చొప్పున తీసుకోండి. పచ్చ స్క్రబ్బర్‌ను టర్పెంటైన్‌లో ముంచి పిండి, పలక పొడవు వెంబడి రుద్దండి. నేల మీద టర్పెంటైన్ పోయకండి. పోస్తే కరిగిన నూనె పలకల సందుల్లోకి దిగి, మళ్లీ మళ్లీ పైకి వస్తుంది.

3. బంక కరిగి ముద్దగా రాగానే, అది మళ్లీ గట్టిపడకముందే పొడి గుడ్డతో తుడిచేయండి. రుద్దడం ఒకరు, తుడవడం ఇంకొకరు చేస్తే పని కుదురుతుంది. ఒక్కరే చేసినప్పుడు సగం బంక తిరిగి చెక్కకే అంటుకోవడం నా మేడ మీది గదిలో నేనే అనుభవించాను.

4. గది మొత్తం అయ్యాక పన్నెండు గంటలు గాలికి వదిలి, మళ్లీ బొటనవేలి పరీక్ష చేయండి. ఇంకా అంటుకునే చోట్ల మాత్రం ఇదే తిరిగి చేయండి.

5. ముద్ర పడడం ఆగాక, నేల ఆకలిగా, అంటే పాలిపోయి, కనిపిస్తేనే కొత్త నూనె వేయండి. పది అడుగుల గదికి ఒక చిన్న గిన్నెడు నూనె చాలు. గుడ్డతో పూసి, పావుగంట తరువాత పొడి గుడ్డతో పూర్తిగా తుడవండి. తుడిచాక నేల మీద నూనె పూసినట్టే కనిపించకూడదు.

వారాలు గడిచి, పైపొర తోలులా గట్టిపడి లోపల మెత్తగా ఉంటే టర్పెంటైన్ ఒక్కటే పనిచేయదు. ఉప్పుకాగితం పెడితే అది కూడా నిమిషంలో బంకతో పూడుకుపోతుంది. వడ్రంగులు వాడే స్క్రేపర్‌తో, లేదా పాతకాలపు పద్ధతిలో పగిలిన గాజు పలక అంచుతో ముందు పొరను గీకించి, ఆ తరువాత 100, దాని మీద 120 నంబరు కాగితంతో రుద్దించి, దుమ్ము తీసి, మొదటినుంచి నూనె పట్టించాలి. గాజుతో గీకడం చేయి తిరిగిన ఆచారికే వదిలేయండి.

వంటనూనె రాసి ఉంటే ఆరుతుందని ఎదురుచూడడం వృథా. టర్పెంటైన్‌తో మూడు నాలుగు సార్లు కడిగినట్టుగా తుడిపించి, 100 నంబరుతో రుద్దించి, ఒక మూల ఒక అడుగు మేర ఆరే నూనె పట్టించి చూడండి. రెండు రోజుల్లో అది ఆరితేనే మిగతా గదికి వెళ్లండి.

టేకుకు ఇంకో చిక్కు ఉంది. దాని చేవలోనే సహజమైన నూనె ఉండి, పైన పట్టించిన నూనెను త్వరగా ఆరనీయదు. పాత దూలాల పలకలు కోసిన కొత్తల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే టేకు మీద నూనె వేసేముందు అదే రోజు థిన్నర్‌తో ఒకసారి తుడిపించి, ఆవిరైపోగానే పని మొదలుపెట్టాలి.

మచ్చలు మచ్చలుగా మెరుపు

మెరిసేచోట నూనె ఎక్కువై ఉంటుంది, పాలిపోయిన చోట చాలకపోయి ఉంటుంది. పాలిపోయినవి సాధారణంగా చేవలేని తెల్ల భాగాలు, పలకల కొనలు. మెరిసే మచ్చలను పొడి స్క్రబ్బర్‌తో, లొంగకపోతే కాస్త టర్పెంటైన్‌తో రుద్ది తగ్గించండి. పాలిపోయిన వాటికి వేలికి చుట్టిన గుడ్డతో నూనె అద్ది, పావుగంటకు తుడవండి. ఆ తరువాత గది మొత్తాన్ని పొడి గుడ్డ చుట్టిన బఫింగ్ యంత్రంతోనో, బరువైన ఇటుకకు కంబళి ముక్క చుట్టి లాగుతూనో ఒకసారి మెరుగుపెట్టండి. తేడా చాలావరకు కలిసిపోతుంది.

అడ్డంగా పట్టీలు పడి ఉంటే, ఒక చోట ఆరిపోయిన అంచు మీద మళ్లీ నూనె పడిందన్నమాట. మే నెలలో మధ్యాహ్నం పూట పని చేస్తే ఇది తప్పదు. మళ్లీ వేసేటప్పుడు గది వెడల్పు వెంబడి కాకుండా, ఒక్కో పలకను ఈ కొన నుంచి ఆ కొన దాకా పూర్తిచేసి తరువాతి పలకకు వెళ్లండి.

గుండ్రటి గీతలూ, గోడ వెంబడి రంగు తేడా పట్టీ మాత్రం నూనె తప్పు కాదు, రుద్దడంలో తప్పు. యంత్రం మధ్యలో ఒక నంబరు కాగితంతో, అంచున చేయి ఇంకో నంబరుతో రుద్దితే చెక్క రెండు రకాలుగా నూనె తాగుతుంది. దీనికి ఎన్ని పూతలు వేసినా పనికిరాదు. ఆ పలకలను మొదటినుంచి చివరిదాకా ఒకే నంబరుతో, చారల వెంబడి చేత్తో రుద్ది తిరిగి నూనె పట్టించాలి. నున్నగా రావాలని 220, 320 దాకా పోకండి; మరీ నునుపైన చెక్క నూనె తాగదు. నేలకు 120 చాలు.

తెల్లటి పొగ, నల్లటి చుక్కలు, పైకి ఉబికే నూనె

మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వాన. కపిలతీర్థం జలపాతం దూకుతున్న రోజుల్లో నూనె పని పెట్టుకుంటే గాలిలోని తేమ వల్ల ఆరడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి పైన తెల్లటి పొగ కమ్మినట్టు అవుతుంది. పైపైన ఉన్నదైతే రెండు మూడు పొడి రోజులు చూసి, టర్పెంటైన్ అద్దిన గుడ్డతో మెల్లగా రుద్దితే పోతుంది. రంధ్రాల్లో గీతలుగా కనిపించే తెలుపు మాత్రం తేమ కాదు, సరిగా తీయని ఉప్పుకాగితపు దుమ్ము. కొద్దిగా నూనె అద్దిన స్క్రబ్బర్‌తో రుద్ది తుడిస్తే అది బయటికి వస్తుంది. 2021 నవంబరు వరదల్లో నీళ్లు ఎక్కిన ఇళ్లలాంటి చోట నేల తిరిగి వేయించుకునేటప్పుడు, పైకి ఆరినట్టు కనిపించినా లోపల తేమ ఉంటుంది. తేమ మీటరుతో కొలిపించి, 12 శాతం లోపు ఉంటేనే నూనె ముట్టుకోండి.

స్టీల్ పీచు వద్దన్నది నల్లటి చుక్కల వల్లే. తెగిన ఇనుప పోగులు చెక్కలో ఇరుక్కుని, తడి తగలగానే చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి సిరా చుక్కల్లా నల్లబడతాయి. పాత దూలాల్లో మిగిలిన మేకు మొనలు కూడా ఇదే చేస్తాయి. ముందు ఇనుమును తీసేసి, ఆ భాగంలో నూనె పోయేలా రుద్ది, లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కలిపి ప్లాస్టిక్ గిన్నెలో ఉంచి, బ్రష్‌తో అద్దండి. అరగంట తరువాత మంచినీళ్లు అద్దిన గుడ్డతో రెండు మూడు సార్లు తుడిచి, రెండు రోజులు ఆరనివ్వండి. ఇది విషం; తొడుగులు, మాస్క్ లేకుండా వద్దు, పిల్లలున్న ఇంట్లో గిన్నె మీద కన్ను ఉండాలి. సరిగా కడగకుండా ఆరిన తెల్లటి పొడిని ఉప్పుకాగితంతో రుద్దితే అది గాలిలో లేచి ముక్కులోకి పోతుంది.

పూసిన రోజు శుభ్రంగా తుడిచినా, మధ్యాహ్నానికి చిన్న చిన్న నూనె చుక్కలు పైకి రావడం కొందరిని కంగారుపెడుతుంది. కిటికీలోంచి ఎండ పడి పలక వేడెక్కితే రంధ్రాల్లోని నూనె పైకి ఉబుకుతుంది. మొదటి రోజు గంటకోసారి చూసి తుడవడమే మందు. చూడకుండా వదిలేస్తే ప్రతి చుక్కా ఒక మెరిసే మొటిమ అవుతుంది. ఆ కిటికీకి దుప్పటి వేలాడదీయండి.

బాగైందో లేదో చూసుకోవడం

- ఇరవై నాలుగు గంటల తరువాత బొటనవేలి ముద్ర పడకూడదు.
- శుభ్రమైన తెల్ల గుడ్డతో పొడిగా రుద్దితే గుడ్డ తెల్లగానే ఉండాలి.
- రాత్రి టార్చి వెలుగు నేల మీద ఒకే తీరుగా పరుచుకోవాలి. చిన్న తేడాలు పగటి వెలుగులో కనిపించకపోతే వాటిని వదిలేయండి, లేని పని కల్పించుకోకండి.
- మూడు వారాల తరువాత ఒక చెంచా నీళ్లు వేసి పది నిమిషాలు ఆగి తుడవండి. ముదురు మచ్చ మిగిలితే అక్కడ ఇంకో పలచటి పూత కావాలి. ఈ పరీక్షను అంతకంటే ముందు చేస్తే మంచి నేల కూడా తప్పినట్టే కనిపిస్తుంది.

ఈ పనికి మా ఊళ్లో జనవరి చివరి నుంచి మార్చి వరకు అనువైన కాలం. ఎండాకాలంలో తప్పనిసరైతే తెల్లవారి ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి ముగించండి.

గృహప్రవేశం దగ్గర పడితే

ముహూర్తం ఆగదు కాబట్టి ఇది కూడా చెప్పాలి. జిగట తీసేసి, తరువాతి పూత వేయకుండా ఆపి, నేలను పలచటి నూలు దుప్పట్లతో కప్పి కార్యక్రమం జరుపుకోండి. ప్లాస్టిక్ పట్టా వేస్తే నూనెకు గాలి ఆడదు, వార్తాపత్రిక వేస్తే అక్షరాలు నేలకు అచ్చు పడతాయి. హోమగుండాన్ని చెక్క నేల మీద పెట్టకండి, హాలులోనో మిద్దె మీదనో పెట్టించండి. మిగిలిన పూతను చుట్టాలంతా వెళ్లాక, నేలను పొడిగా తుడిచి వేసుకోవచ్చు.

ఆరని చెక్క గడపకు మాత్రం పసుపు రాయనివ్వకండి. పసుపు రంగు నూనెలో కరుగుతుంది కాబట్టి చెక్కలోకి దిగిపోతుంది. గడప మీద అరిటాకు ముక్కో, పలచటి పీటో పెట్టి దానికి రాసి బొట్టు పెట్టమని పెద్దవాళ్లకు ముందే చెప్పండి. అప్పటికే రాసేసి ఉంటే పొడి గుడ్డతో పైపైన తుడిచి ఊరుకోండి. గడపకు ఎండ తగులుతుంటే ఆ పచ్చదనం కొన్ని వారాల్లో దానంతట అదే వెలిసిపోతుంది.